మా పాసుబుక్కులకు తాళం వేసినవారికి పాకాల నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రిజర్వు బ్యాంకు అధికారులకు, బ్యాంకుల పెద్దలకు, అన్ని రాష్ట్రాల సైబర్ పోలీసు అధికారులకు,

నమస్కారం. నేను తిరుపతి జిల్లా పాకాల మండలంలో 11 ఏళ్లుగా బ్యాంకు మిత్రగా, అంటే పల్లెలో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చిపుచ్చుకునే మనిషిగా పనిచేస్తున్నాను. రోడ్డు పక్కన ఒక గది, ఒక వేలిముద్ర మిషను, ఒక లాప్‌టాప్, కరెంటు పోతే బ్యాటరీ. ఉపాధి కూలి, సంఘం పొదుపు, రైతుల ఖాతాల్లో పడే సొమ్ము, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. అందుకే ఖాతా ఆగిపోతే మొదట తిట్లు తినేది నేనే.

సైబర్ మోసం సొమ్ము పడిందన్న అనుమానంతో మావాళ్ల ఖాతాలు మొత్తంగా ఆపేస్తున్నారు. ఈ విషయం మీద బ్రాంచిలో రెండుసార్లు కాగితం రాసిచ్చాం. సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టాం. ఎక్కడికి పోయినా ఒకటే జవాబు: "ఇది మా చేతుల్లో లేదమ్మా, పైనుంచి వచ్చింది." ఆ పైన ఎవరున్నారో తెలియలేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నిరుడు మామిడికాయ దిగే రోజుల్లో ఒకామె నా దగ్గరికి వచ్చింది. దామలచెరువు మండీలో కాయ ఏరే పనికి పోతుంది. వాళ్లమ్మ కువైట్లో ఇంటి పని చేస్తుంది. మిషను మీద వేలు పెట్టింది, డబ్బు రాలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టింది. "కాయల జీడి తగిలి ఏలు అరిగిపోయుంటాదిలే అక్కా" అని నవ్వింది. అరిగింది వేలు కాదు. ఖాతా ఫ్రీజ్ అయింది.

అంతకు 17 రోజుల ముందు వాళ్లమ్మ పంపిన 28,000 రూపాయలు ఆ ఖాతాలో పడ్డాయి. పాసుబుక్కులో పంపినవారి పేరు మాత్రం వాళ్లమ్మది కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఉత్తరాది మనిషిది. తర్వాత తెలిసిందేమిటంటే, ఇంకో రాష్ట్రంలో ఒకాయన ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాడు. ఆ సొమ్ము ఏయే ఖాతాల మీదుగా పోయిందో గొలుసు పట్టుకుని వస్తే ఐదో చేతిలోనో ఆరో చేతిలోనో ఈమె తేలింది. ఆ రోజు ఆమె ఖాతాలో ఉన్నది 61,400. అందులో ఎక్కువ భాగం సంఘం లోను, కొంత మండీ కూలి. 28,000 ఆపి ఉంటే మేం అర్థం చేసుకునేవాళ్లం. మొత్తం ఆపేశారు.

బ్యాంకు ఒక స్టేషన్ నంబరు ఇచ్చింది. పన్నెండు సార్లు చేస్తే ఒకసారి ఎత్తారు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో మాట్లాడాను. "ఆమెను ఇక్కడికి రమ్మనండి" అన్నారు. ఆ ఊరికి మా పాకాల జంక్షన్లో రైలెక్కితే రెండు రాత్రుల ప్రయాణం. చంటిబిడ్డను ఎత్తుకుని, భాష రాని ఊరికి, పోలీసు స్టేషనుకు, ఒంటరిగా. పోలేదు. పోలేదు కాబట్టి ఖాతా తెరుచుకోలేదు.

తప్పు ముందే ఒప్పుకుంటున్నాను. అది హుండీ సొమ్ము. మా తిరుపతి వైపు హుండీ అంటే కొండ మీది హుండీయే గుర్తొస్తుంది. గల్ఫ్‌లో హుండీ వేరు. అక్కడ ఒక మనిషి రూముకొచ్చి దినార్లు తీసుకుంటాడు, ఇక్కడ ఇంకెవరో మన ఖాతాలో రూపాయలు వేస్తారు. దేశం దాటి ఒక్క నోటూ కదలదు. మరి ఇక్కడి రూపాయలు ఎక్కడివి? కిటుకంతా అందులోనే ఉంది. సైబర్ దొంగ దగ్గర కొట్టేసిన రూపాయలు ఉంటాయి, వాటిని విదేశానికి చేర్చాలి. హుండీవాడి దగ్గర దినార్లు ఉంటాయి, వాటికి ఇక్కడ రూపాయలు కావాలి. ఇద్దరికీ బేరం కుదురుతుంది. దొంగ రూపాయలు మా అక్కల ఖాతాల్లో పడతాయి, మా అక్కల చెమట దినార్లు దొంగకు చేరతాయి. దొంగ చేతులు కడిగేసుకుంటాడు. పోలీసులు వచ్చేసరికి మిగిలేది మండీలో కాయ ఏరే మనిషి.

చట్టం ప్రకారం కూడా ఇది తప్పే. అందరూ ఫెమా అని పిలిచే 1999 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం 3వ సెక్షన్ చూడండి. విదేశంలో ఉన్నవారి తరఫున వచ్చే డబ్బును అధీకృత సంస్థ ద్వారా తప్ప ఇంకోలా తీసుకోకూడదు అంటుంది. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. అంటే పంపినవాడే కాదు, తీసుకున్న కూతురు కూడా తప్పు చేసినట్టే. ఈ ముక్క మా మండలంలో ఎంతమందికి తెలుసు? నాకే మూడేళ్ల కిందట తెలిసింది.

మరి ఎక్స్‌ఛేంజ్‌కు పోకుండా హుండీకి ఎందుకు పోతారు? ఎక్స్‌ఛేంజ్ అంటే అక్కడ డబ్బు సక్రమంగా పంపే దుకాణం. నాలుగు పైసలు రేటు ఎక్కువని కొందరు పోతారు, వాళ్లను నేను వెనకేసుకురాను. ఎక్కువమంది సంగతి అది కాదు. కువైట్లో ఎక్స్‌ఛేంజ్‌లో డబ్బు కట్టాలంటే బతాకా చూపించాలి, అంటే అక్కడి సివిల్ ఐడీ కార్డు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, అకామా అనే నివాస అనుమతిని రెన్యువల్ చేయించకపోతే బతాకా చచ్చిపోతుంది. కొట్టే ఇంటి నుంచి పారిపోయి వచ్చిన మనిషికి బతాకా ఉన్నా లేనట్టే. అన్నీ సరిగా ఉన్నా, నెలకు ఒక్క శుక్రవారమైనా బయటికి వదలని ఇళ్లున్నాయి. ఆ దేశంలో ఇంటి పనివాళ్ల కనీస జీతం 60 దినార్లని 2016లో పెట్టారు. మనవాళ్లు అంతకంటే ఎక్కువే తెచ్చుకుంటున్నారు కానీ, జీతం చేతికొచ్చిన రోజున గుమ్మం దగ్గరికి వచ్చి "నేను పంపిస్తా ఇవ్వమ్మా" అనేది హుండీవాడు ఒక్కడే. ప్రభుత్వం వైపు నుంచి ఆ గుమ్మం దాకా వచ్చే మనిషి లేడు.

ఇదంతా పెద్ద దేశాల పెద్ద నిబంధనలతో ముడిపడిన వ్యవహారమని నాకూ తెలుసు. 1989లో పారిస్‌లో పెట్టిన ఎఫ్‌ఏటీఎఫ్ అనే సంస్థ నల్లడబ్బును, ఉగ్రవాదుల డబ్బును అరికట్టేందుకు 40 సిఫార్సులు చేసింది. మన దేశం 2010లో అందులో చేరింది. 2024 సెప్టెంబరులో వాళ్లు ఇచ్చిన రిపోర్టులో మనకు మంచి మార్కులే పడ్డాయి, సంతోషం. సరిగా లేని దేశాన్ని గ్రే లిస్టులో పెడతారు. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం 2022 మార్చి నుంచి 2024 ఫిబ్రవరి దాకా ఆ లిస్టులో ఉంది. అలాంటప్పుడు బ్యాంకులు భయపడి ప్రతి రూపాయికీ నాలుగు ప్రశ్నలు వేస్తాయి. పెద్ద కంపెనీలకు లాయర్లు, ఆడిటర్లు ఉన్నారు, జవాబు చెప్పుకుంటారు. మా చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఎగుమతి చేసే చిన్న యూనిట్లవాళ్లు ఒక్క పేమెంటు కోసం వారాల తరబడి ఫైళ్లు మోస్తారు. ఇక ఇంటి పని చేసే మనిషికి జవాబు రాసిపెట్టేదెవరు?

మా దగ్గర జరుగుతున్నది వరుసగా చెప్తాను.

1. మొత్తం ఖాతా ఆగిపోతోంది. అనుమానం 3,000 మీదైనా, 3 లక్షల మీదైనా తాళం ఒకటే సైజు. నా సంగతే వినండి. ఒక కుర్రాడు ఫోన్‌లో 3,000 పంపి చేతికి నగదు తీసుకున్నాడు, రోజూ జరిగే పనే. నెల తర్వాత నా ఖాతాలోని 84,000 ఆగిపోయాయి. ఆ డబ్బుతోనే నేను పాయింటు నడిపేది. ఐదు వారాలు షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. ఆ ఐదు వారాలూ చుట్టుపక్కల నాలుగు పల్లెలవాళ్లు 40 రూపాయలు చార్జీ పెట్టుకుని బ్రాంచికి పోయి లైన్లో నిలబడ్డారు. కొందరు నన్నే దొంగలా చూశారు. ఆ చూపులు ఖాతా తెరుచుకున్నాక కూడా పోలేదు. 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లో, పోలీసులు చెప్పిన అనుమానిత మొత్తం వరకే ఆపాలని చెప్పింది. ఆ తీర్పు సంగతి నేను తిరుపతిలో ఒక లాయరు దగ్గర 500 ఇచ్చి తెలుసుకున్నాను. మా కౌంటరుకు ఎవరూ చెప్పలేదు.

2. ఎందుకు ఆగిందో చెప్పేవాళ్లు లేరు. మెసేజ్ వస్తే ఇంగ్లీషులో వస్తుంది, చాలాసార్లు అదీ రాదు. ఏ స్టేషను, ఏ కేసు నంబరు, ఎంత మొత్తం అని అడిగితే బ్రాంచి వాళ్లు పోలీసులను అడగమంటారు, పోలీసులు బ్యాంకును అడగమంటారు.

3. సంఘం కంతు ఆగితే ఆగేది ఒక్క ఇల్లు కాదు. పైన చెప్పినామె సంఘంలో పది మంది ఉన్నారు. ఆమె రెండు కంతులు కట్టలేకపోయింది. మిగతా తొమ్మిది మంది తలా కొంచెం వేసుకుని కట్టారు. మూడో నెల కట్టమంటే, పక్కింట్లో ఉండే మనిషే ఆమెతో మాట్లాడటం మానేసింది. డబ్బులు ఎలాగోలా కట్టొచ్చు, ఈ పలకరింపులు ఎవరు కడతారు?

4. పేర్లు, పుట్టినరోజులు. ఇది మీకు చిన్నగా కనిపించొచ్చు, మాకు మాత్రం పెద్ద టెన్షన్. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో దాన్ని వెనక్కి నెట్టారు, పాసుబుక్కులో ఒక్క అక్షరం చేశారు, ఆధార్‌లో ఎగరగొట్టారు. పెళ్లయిన ఆడమనిషికి పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకోచోట. పుట్టినరోజు అడిగితే, ఆధార్ ప్రకారం మా పల్లెలో పెద్దవాళ్లు సగం మంది జనవరి ఒకటిన పుట్టారు. ఇప్పుడు ఎఫ్‌ఏటీఎఫ్ 2025 జూన్‌లో తన 16వ సిఫార్సు మార్చింది. 1,000 డాలర్లో యూరోలో దాటి ఒక మనిషి ఇంకో మనిషికి దేశం దాటించే డబ్బుతో పాటు పంపేవారి పేరు, చిరునామా, పుట్టిన తేదీ వెళ్లాలి. 2030 చివరికల్లా అమలు చేయమన్నారు. దొంగలను పట్టడానికి ఇది మంచిదే కావొచ్చు. కానీ ఈలోపు మా పేర్లు ఒక దారికి తేకపోతే, 2031లో ఎక్స్‌ఛేంజ్‌లో సక్రమంగా కట్టినవాళ్ల డబ్బు కూడా మధ్యలో వేలాడుతుంది. ఇప్పటికే నా దగ్గరికి వచ్చేవాళ్లలో షేక్, మహమ్మద్ పేర్లున్నవాళ్లకు ప్రశ్నలు ఎక్కువ వస్తున్నాయి. అలాంటి పేరు అనుమానితుల లిస్టులో ఇంకెవరికో ఉంటుందట. అందుకు పాకాలలో టైలరింగు చేసుకునే మనిషి ఏం చేస్తాడు?

5. సక్రమంగా పోయినవాళ్లూ తెలియక తప్పులో పడుతున్నారు. గల్ఫ్‌కు ఉద్యోగానికి పోయిన మనిషి ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకోవాలి. అక్కడి సంపాదన వేసుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరుచుకోవచ్చు. రెండూ విదేశంలో ఉండేవాళ్ల కోసం పెట్టిన ఖాతాలే. ఇంటి పనికి పోయే ఆడవాళ్లలో ఇది చేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. బ్యాంకు చెప్పలేదు, ఏజెంటు చెప్పలేదు. ఏజెంటుకు వీసా డబ్బులు తప్ప వేరే ఊసే ఉండదు.

ఒక మాట పక్కగా. అమెరికా వాళ్లు 2026 జనవరి 1 నుంచి నగదుగా కట్టి విదేశాలకు పంపే డబ్బు మీద 1 శాతం పన్ను పెట్టారు. మొదట 5 శాతం అన్నారు, తర్వాత 3.5 అన్నారు, చివరికి ఒకటికి దిగింది. బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి అది వర్తించదు కూడా. అయినా తిరుపతిలో దాని గురించి మాట్లాడని ఇల్లు లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు గొంతుంది, ఉండాల్సిందే. కువైట్‌లో గిన్నెలు తోమే మనిషి గురించి ఆ చర్చల్లో నేను ఒక్క ముక్క వినలేదు.

సైబర్ దొంగలకు ఖాతాలు అద్దెకిచ్చే కుర్రాళ్లు మా చుట్టుపక్కలా ఉన్నారు. పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము కలిపి ఐదు వేలకో పది వేలకో అమ్ముకుంటారు. వాళ్ల గురించి నేను ఈ ఉత్తరంలో ఒక్క మాట కూడా అడగడం లేదు. వాళ్లను పట్టుకోండి. కానీ రోజుకు ముప్పై ఎంట్రీలు, వచ్చిన గంటలో ఖాళీ అయ్యే ఖాతాకు, నెలకోసారి డబ్బు వచ్చి కిరాణాకు, ఫీజుకు, కంతుకు పోయే ఖాతాకు తేడా నా పాత లాప్‌టాప్‌లోనే కనిపిస్తుంది. మీ కంప్యూటర్లకు కనిపించదా?

ఇక మేం అడిగేవి.

1. అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపండి. మిగతా ఖాతా నడవనివ్వండి. సంఘం లోను, ఉపాధి కూలి, ప్రభుత్వం వేసే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఎంట్రీలోనే ఉంటుంది. దాని మీద చేయి వేయకండి.

2. ఆపిన రోజే తెలుగులో మెసేజ్ పంపండి. ఎంత ఆపారు, ఏ కేసు, ఏ స్టేషను, ఎవరితో మాట్లాడాలి, ఈ నాలుగూ ఉండాలి. అదే కాగితం బ్యాంకు మిత్ర దగ్గర అంటించేలా చేయండి. చదువు రానివాళ్లకు మేం చదివి చెప్తాం.

3. వాంగ్మూలం కోసం ఇంకో రాష్ట్రానికి రమ్మనకండి. పాకాలలో పోలీసు స్టేషను ఉంది. అక్కడ కూర్చుని వీడియోలో మాట్లాడతారు, లేదా అక్కడి ఎస్సై గారి ముందు రాసిస్తారు. దేశం మొత్తంలో ఎక్కడ మోసం జరిగినా 1930కి ఒకే నంబరులో ఫిర్యాదు తీసుకోగలిగినప్పుడు, జవాబు కూడా మా ఊరిలోనే తీసుకోవచ్చు కదా.

4. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 106వ సెక్షన్ ప్రకారం, పోలీసులు దేన్నైనా స్వాధీనం చేసుకుంటే వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలి. ఏ కోర్టుకు తెలిపారో మాకు చెప్పండి. మేం ఎక్కడ అర్జీ పెట్టుకోవాలో అప్పుడే తెలుస్తుంది. ఖాతాలు విడిపించే పద్ధతుల మీద కొత్త కొత్త కాగితాలు వస్తున్నాయని వింటున్నాం. ఏదీ తెలుగులో మా కౌంటరు దాకా రాలేదు.

5. హుండీ డబ్బు అని తెలియక తీసుకుని, పిలిచిన వెంటనే వచ్చి ఎవరి ద్వారా వచ్చిందో చెప్పేవాళ్లను మొదటిసారి సాక్షిగా చూడండి. వాళ్లు చెప్తేనే హుండీవాడి పేరు బయటికి వస్తుంది. ఇప్పుడు మూడు రెట్ల జరిమానా అంటే భయపడి నోరు మూసుకుంటున్నారు.

6. సక్రమమైన దారిని హుండీ కంటే సుళువు చేయండి. సింగపూర్‌లో ఫోన్‌తో డబ్బు పంపుకునే పేనౌతో మన యూపీఐ 2023 ఫిబ్రవరిలో కలిసింది. ఎమిరేట్స్‌తో కలపడానికి అదే ఏడాది జులైలో ఒప్పందం రాసుకున్నారు. మా పల్లెల నుంచి సింగపూర్‌కు పోయేది ఎవరు? కువైట్, సౌదీ, ఖతార్ సంగతి ముందు చూడండి. వలస కార్మికులు పంపే డబ్బు మీద ఖర్చు 2030కల్లా 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచం మొత్తం మీద సగటు ఇప్పటికీ 6 శాతం పైనే ఉంది. గల్ఫ్ నుంచి మనకు కొంత తక్కువే పడుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ బతాకా గడువు అయిపోయిన మనిషి తన జీతం తన బిడ్డకు పంపుకునే సక్రమ దారి ఒకటి ఉండాలి. రాయబార కార్యాలయం ద్వారా అయినా సరే, నెలకు ఇంత అని పరిమితి పెట్టి అయినా సరే.

7. విమానం ఎక్కకముందు ఇచ్చే శిక్షణలో అరగంట దీనికి పెట్టండి. ఎన్ఆర్ఈ ఖాతా అక్కడికక్కడే తెరిపించండి. పాస్‌పోర్టు, ఆధార్, పాసుబుక్కులో పేరు ఒకటిగా ఉందో లేదో అప్పుడే చూడండి. మమ్మల్ని పిలిస్తే మేమూ వచ్చి చెప్తాం, చార్జీలు కూడా అడగం.

గల్ఫ్‌లో ఉన్న మా అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక్క మాట. రూముకొచ్చేవాడు పది రూపాయలు ఎక్కువ ఇస్తానంటే ఇవ్వకండి. ఎక్స్‌ఛేంజ్ రసీదు ఫోటో తీసి ఇంటికి పంపండి. ఆ రసీదు ఉంటే నేను బ్రాంచిలో గొడవ పెట్టుకోగలను. లేకపోతే నా నోరు కూడా పెగలదు.

మండీలో పనిచేసే ఆమె ఖాతా ఈ ఉత్తరం రాసే రోజుకీ తెరుచుకోలేదు. తల్లి ఇప్పుడు డబ్బు పంపడమే మానేసింది, అక్కడే ఎవరి దగ్గరో దాచుకుంటోంది. వచ్చే నెల 5న సంఘం కంతు ఉంది. ఆ రోజు ఆమె మళ్లీ నా దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూస్తుంది. ప్రతి నెలా పెట్టి చూస్తూనే ఉంది. ఆలోపు మీలో ఎవరైనా ఒకరు, ఏ స్టేషనులో ఏ కాగితం ఇవ్వాలో తెలుగులో ఒక్క ముక్క చెప్పగలిగితే, ఆ కాగితం రాసి సంతకం పెట్టించే పని నాది.

ఇట్లు,
పాకాల మండలంలో పనిచేసే ఒక బ్యాంకు మిత్ర